ఫ్యాన్ దుమ్ములో దొరికిన ఫ్లూ, దాని జీన్స్ చదవడానికి నేను పడ్డ పాట్లు

సీక్వెన్సింగ్ (జీన్స్‌లో అక్షరాల వరస చదవడం) అంటే మిషన్‌లో పెట్టి బటన్ నొక్కడమే అనుకుని ఈ పనిలోకి దిగాను, తీరా చూస్తే మిషన్ దాకా వెళ్లేసరికే సగం ప్రాణం పోయింది. మా పని బర్డ్ ఫ్లూ వైరస్ ఉందేమో చూడ్డానికి కోళ్లని ముట్టుకోకుండా షెడ్డులో వాటి చుట్టూ ఉన్న వాటి నుంచి శాంపిల్స్ తీయడం, అంటే రెట్ట, లిట్టర్ (నేల మీద పరిచే పొట్టు), డ్రింకర్లలో నీళ్లు, గుడ్ల ట్రేలు, ఫ్యాన్ రెక్కల మీద పేరుకున్న దుమ్ము. పీపీఈ కిట్లో కళ్లద్దాలు మసకేసి ఏ ట్యూబ్ మీద ఏం రాశానో నాకే కనపడలేదు. లేబుల్స్ ముందే అంటించుకుని వెళ్లండి, ప్లీజ్.

ముందు వైరస్‌లోని ఎం అనే జీన్‌కి ఆర్‌టీ-పీసీఆర్ పెడతాం, బర్డ్ ఫ్లూ వచ్చే ఇన్‌ఫ్లుయెంజా ఏ లో ఏ సబ్‌టైప్ అయినా ఆ జీన్ పెద్దగా మారదు కాబట్టి. మొదటి బ్యాచ్ అంతా నెగటివ్. హమ్మయ్య అనుకునేలోపే ఇంటర్నల్ కంట్రోల్ (టెస్ట్ పనిచేసిందని తెలియడానికి పెట్టుకునేది) కూడా రాలేదని సార్ వేలు పెట్టి చూపించారు, రెట్టలో ఉండేవి పీసీఆర్‌నే ఆపేస్తాయట. దానికి విరుగుడు శాంపిల్‌ని పది రెట్లు పలచన చేయడమే, అలా మళ్లీ పెడితే మూడు పాజిటివ్‌లు.

ఇక అసలు గోల. ఈ వైరస్ జీనోమ్ ఎనిమిది ముక్కలు, అన్నిటి కొసలూ దాదాపు ఒకేలా ఉంటాయి, అందుకే ఒకే ప్రైమర్ల (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కల) సెట్‌తో ఎనిమిదీ లాగొచ్చని ప్రోటోకాల్‌లో ఉంటుంది. ముక్కల్ని సైజు వారీగా విడదీసే జెల్ మీద చూస్తే చిన్న ముక్కలైన ఎం, ఎన్‌ఎస్ మెరిసిపోతున్నాయి, 2,300 అక్షరాల దాకా ఉండే పీబీ2, పీబీ1, పీఏ అడ్రస్ లేవు. దుమ్ములో ఎండిపోయిన ఆర్‌ఎన్‌ఏ తునకలు తునకలైపోతుంది మరి, పొడుగు ముక్క ఎక్కడి నుంచి వస్తుంది? చిన్న చిన్న భాగాలుగా ఒకదాని మీద ఒకటి పడేలా ప్రైమర్లు మార్చుకుని రెండు నెలలు కూర్చున్నా. మధ్యలో పీబీ2 ప్రొటీన్‌లో 627వ చోట లైసిన్ అనే అమైనో ఆమ్లం కనపడిందని, అంటే క్షీరదాలకి అలవాటు పడే మార్పు అని గెంతులేశా, తీరా అక్కడ ఉన్నవి నాలుగే రీడ్లు (మిషన్ చదివిన తునకలు), వాటిని నమ్మలేం.

ఒక డ్రింకర్ శాంపిల్‌లో మాత్రం హెచ్9తో పాటు హెచ్5 కూడా వచ్చింది (ఇవి వైరస్ పైనుండే హెచ్ఏ ప్రొటీన్‌ని బట్టి పెట్టిన సబ్‌టైప్ పేర్లు). ఆ హెచ్5 ప్రొటీన్ క్లీవేజ్ సైట్‌లో (వైరస్ సోకాలంటే అది తెగాల్సిన చోట) ఆర్జినిన్, లైసిన్ వరసగా ఉన్నాయి, అలా ఉంటే కోడి ఒంట్లో దాదాపు ప్రతి అవయవంలోనూ ఆ ప్రొటీన్ తెగుతుంది, వైరస్ ఒళ్లంతా పాకుతుంది. ఆ రోజే పై అధికారులకి చెప్పేశాం, కల్చర్ (వైరస్‌ని ల్యాబ్‌లో పెంచడం) జోలికి అస్సలు పోలేదు.

తర్వాత పీబీ1 ట్రీ (ఏ వైరస్ దేనికి దగ్గరో చూపే వంశవృక్షం) వేస్తే అది హెచ్9ఎన్2 గుంపులో కూర్చుంది. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురిని చంపిన హెచ్5ఎన్1 లోపలి జీన్స్ కూడా హెచ్9ఎన్2కి దగ్గరగా ఉన్నాయని చదివున్నా కదా, ఇంకేముంది, రీఅసార్ట్‌మెంట్ (రెండు వైరస్‌లు జీన్ ముక్కలు మార్చుకోవడం) అని హెడ్డింగ్ పెట్టేశా. సార్ చదివి ఒకటే అడిగారు, "ఈ ముక్క ఆ హెచ్5దే అని నీకెవరు చెప్పారమ్మా?" నిజమే, అక్కడ రోగుల నుంచి వేరు చేసిన వైరస్‌ని చూశారు, నా దగ్గరున్నది షెడ్డులో కోళ్లన్నీ మూతి పెట్టిన నీళ్లు. రెండు వైరస్‌లు పక్కపక్కనే తేలుతున్నా నాకు వచ్చేది ఇదే రిజల్ట్.

హెడ్డింగ్ కొట్టేసి, టేబుల్‌లో ఆ వరస పక్కన "మిక్స్‌డ్" అని రాసి, డేటాబేస్‌లో హోస్ట్ అని అడిగిన చోట "ఎన్విరాన్‌మెంట్" అని పెట్టి అప్‌లోడ్ చేశా.