చేప మచ్చలకి మందేసింది నేనే, నా చేతి గడ్డల దగ్గర చేపల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు

మందులు ఆపి కొన్నాళ్లయింది, మొన్న చెకప్‌లో మేడమ్ చెయ్యంతా నొక్కి చూసి ఇంక రావక్కర్లేదు అన్నారు, అందుకే ఇప్పుడు రాస్తున్నా. మా శ్రీకాకుళంలో ఉప్పునీటి చేపలు పెంచేవాళ్లు బాగా తక్కువ, కానీ మామూలు తొట్టి ఉన్నవాళ్లు, రొయ్యల చెరువుల్లో దిగేవాళ్లు, ఒడ్డున చేపలు కోసేవాళ్లు బోలెడంతమంది, చేపల నీళ్ల నుంచి చేతికి అంటుకునే ఈ గడ్డల జబ్బు వాళ్లకీ రావొచ్చు.

మా హాల్లో ఉప్పునీటి ట్యాంక్ ఉంది, క్లౌన్ ఫిష్ జంట, ఒక బ్లూ టాంగ్. టాంగ్‌కి తెల్లమచ్చల జబ్బు ఇట్టే పట్టుకుంటుంది. ముందు రాళ్లకి ఒళ్లు రుద్దుకోవడం మొదలెట్టింది, తర్వాత రెక్కల మీద ఉప్పు పలుకులు చల్లినట్టు మచ్చలు. ఇది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. దీంతో చిక్కేంటంటే కొన్ని రోజులకి మచ్చలు వాటంతటవే పోతాయి, హమ్మయ్య తగ్గిందనుకుంటాం, కానీ అది చేప ఒంటి మీంచి రాలి ఇసకలోనో రాళ్లకో అంటుకుని గూడు కట్టి, లోపల వందల్లో పిల్లలై మళ్లీ బయటికొచ్చి చేపని పడుతుంది. రాగి మందు చంపేది ఆ ఈదే పిల్లల్ని మాత్రమే, చేప చర్మంలో దూరినదాన్ని, గూట్లో ఉన్నదాన్ని ఏమీ చెయ్యలేదు. అందుకే మచ్చలు పోయినా మందు మాన్పకూడదు, నెలరోజులు వేరే తొట్టిలో పెట్టి టెస్ట్ కిట్‌తో కొలుస్తూ వెయ్యాలి. వేరే తొట్టి ఎందుకంటే రాగి పడితే పెద్ద ట్యాంక్‌లో పగడాలు, రొయ్యలు, నత్తలు పోతాయి. పెద్ద ట్యాంక్‌ని చేపల్లేకుండా 76 రోజులు ఖాళీగా ఉంచమంటారు పెంచేవాళ్లు. అదే మచ్చలు మరీ సన్నగా పసుపు నలుసులా ఉండి, చీకట్లో పక్కనుంచి టార్చ్ వేస్తేనే కనబడి, చేప గబగబా ఊపిరి తీస్తుంటే అది వెల్వెట్ అనే ఇంకో జబ్బు, దానికి రేపు ఎల్లుండి అని ఆగితే చేప దక్కదు.

ఆ టాంగ్‌ని వేరే తొట్టిలోకి మార్చడానికి పట్టుకుంటుంటే తోక మొదట్లో దానికి బ్లేడులాంటి ముల్లు ఉంటుంది, అది నా చూపుడువేలి కణుపు మీద గీసింది. చిన్న గాటు. కడిగి డెట్టాల్ రాశాను, మానిపోయింది కూడా.

కొన్ని వారాలకి సరిగ్గా అక్కడే ఎర్రగా గడ్డ లేచింది. నొప్పి పెద్దగా లేదు, జ్వరం లేదు. ఒకాయన సెగ్గడ్డ అన్నారు, యాంటీబయాటిక్ కోర్సు వాడాను. ఇంకొకాయన యూరిక్ యాసిడ్ అన్నారు, పప్పు మానేశాను, మాంసం మానేశాను. గడ్డ ఊదారంగుకి తిరిగి పగిలింది, ఈలోగా అరచేతి వెనక ఇంకోటి, మణికట్టు దగ్గర ఇంకోటి, ముంజేతి మీద ఇంకోటి, తాడు పట్టి గీసినట్టు ఒకే వరసలో పైకెక్కుతున్నాయి. నాకు వేరే ఊరి చేప జబ్బుపడిందని ఎవరైనా ఫోన్ చేస్తే ఎప్పుడు తెచ్చావు, ఎక్కణ్ణుంచి తెచ్చావు, తొట్టిలో కొత్తగా ఏం వేశావు, ఉప్పు ఎంతుంది అని అన్నీ అడిగాకే మందు మాటెత్తుతాను. నన్ను మాత్రం ఈ చేత్తో ఏం పని చేస్తావయ్యా అని ఒక్కరూ అడగలేదు!

బయాప్సీలో గ్రాన్యులోమా అని వచ్చింది, అంటే ఒంట్లో రక్షణ కణాలు గుంపుకట్టిన వాపు. ఆ కాగితం చూసిన డాక్టర్ గారు ఫోన్‌లో ఏదో స్థలం బేరం మాట్లాడుతున్నారు, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని "టీబీలా ఉంది, ఎముకకి దిగితే వేలు తీసెయ్యడమే" అని మళ్లీ ఫోన్‌లో పడ్డారు. కాంపౌండర్ తర్వాత పేరు పిలిచేశాడు. తలుపు దగ్గర నిలబడి మా ఆవిడ మొత్తం వింది.

ఆ రాత్రి సంగతి చెప్పాలి. టీబీ అన్న మాట ఇంట్లో పడగానే అమ్మ నా కంచం, గ్లాసు వేరుచేసి గట్టు మీద బోర్లించింది, పాపని మా పిన్ని ఇంటికి పంపేశారు, నా పక్క వీధి గదిలో వేశారు. "ఏటి నాయనా ఇది, ఆ చేపల ఉసురే తగిలింది, చేప పురుగే చేతిలోకి పాకింది" అని అమ్మ ఒకటే ఏడుపు. ఆపైన కరెంటు పోయింది. బ్యాటరీ పంపు చప్పుడు తప్ప ఇంట్లో ఏమీ లేదు. నేను ఎడం చేత్తో కుడిచేతి గడ్డల్ని కింద నుంచి పైకి తడుముకుంటూ, మోచెయ్యి దగ్గర కొత్తది లేచిందా, చంకలోకి ఎక్కిందా అని అదే పనిగా వెతుక్కుంటున్నా, వేలు పోతే బండి బ్రేకెలా పట్టుకోవాలి, పాపకి జడెలా వెయ్యాలి, ఇవే ఆలోచనలు, చెమటలు పట్టేసి గొంతెండిపోయింది. మా ఆవిడ విసనకర్ర పట్టుకుని వచ్చి నా పక్కనే కూర్చుంది, అమ్మ వద్దంటున్నా వినలేదు, ఆ చేతినే ఒళ్లో పెట్టుకుంది. "పొద్దున్నే వైజాగ్ వెళ్దాం, ఇంకో మాట వద్దు" అంది. ఆ మనిషి రుణం నేను తీర్చుకోలేను.

ఆమదాలవలసలో రైలెక్కాం. వైజాగ్‌లో చర్మం డాక్టర్ మేడమ్, నాకంటే చిన్నావిడే, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి అడిగిన మొదటి మాట "ఇంట్లో చేపల తొట్టి ఉందా అండీ?" నాకు అక్కడే ఏడుపొచ్చేసింది.

మైకోబ్యాక్టీరియం మరైనం అట. టీబీ క్రిమికి దగ్గర చుట్టమే కానీ ఊపిరితిత్తుల టీబీ కాదు, మనిషి నుంచి మనిషికి అంటదు, అంటే కంచం వేరు పెట్టక్కర్లేదు, పాపని పంపెయ్యక్కర్లేదు. చేప పురుగు పాకడమూ కాదు, తెల్లమచ్చల జీవి మన ఒంట్లో బతకదు, ఇది నీళ్లలో చేపల్లో ఉండే బ్యాక్టీరియా, గాటు దొరికితే దూరుతుంది. దీనికి 30 డిగ్రీల దగ్గర వేడి కావాలి, మన ఒంటి లోపలి 37 పడదు, అందుకే చల్లగా ఉండే చేతుల మీదే ఉంటుంది. ల్యాబ్‌లో మామూలుగా 37 దగ్గర కల్చర్ పెడితే, అంటే గడ్డ ముక్కలోని క్రిమిని పెంచి చూస్తే, సరిగ్గా పెరగదు, మాకు మొదటిసారి ఏమీ రాలేదన్నది అందుకే. మేడమ్ 30 దగ్గర పెట్టమని చీటీ మీద రాసిచ్చారు, వచ్చింది. 1926లోనే ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిపోయిన ఉప్పునీటి చేపల్లో కనిపెట్టిన క్రిమి ఇది, అంత పాతదాన్ని ఇంతమంది చూసి వదిలేశారంటే నాకు కోపం ఆగదు. మామూలు టీబీ మందుల్లో ఐసోనియాజిడ్, పైరాజినమైడ్ దీనికి పనిచెయ్యవు, గుడ్డిగా ఆ కోర్సే మొదలెట్టి ఉంటే నా చెయ్యి ఏమయ్యేదో.

నాకు క్లారిత్రోమైసిన్, ఎథాంబ్యుటాల్ ఇచ్చారు. నెలల తరబడి వాడాలి, గడ్డలు మానాక కూడా ఇంకో నెలా రెండు నెలలు. నోరంతా చేదు, టీ కూడా చేదే. ఎథాంబ్యుటాల్‌తో ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకుండా పోవచ్చని కళ్లు చూపించుకుంటూ ఉండాలి. మొదట్లో ఏ మార్పూ లేదు, తర్వాత పై గడ్డ ముందు అణిగింది.

అమ్మ అరసవల్లి మొక్కుకుంది. ఆ క్రిమికి వేడి పడదని చెబితే "అందుకే కదరా సూర్యనారాయణమూర్తికి మొక్కాను" అంది. ఆదివారం వెళ్లి మొక్కు తీర్చాం, నాకు ఆ స్వామి మీద గురి ఉంది, మందు మీదా ఉంది. కంచం మాత్రం అమ్మ ఏమీ అనకుండా తీసుకొచ్చి మళ్లీ అందరి కంచాల్లో కలిపేసింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ చురుక్కుమంటుంది, పాపం భయంతో చేసింది అనుకుంటాను, ఇంకోరోజు మళ్లీ కోపమే.

ఆ ఫోన్ డాక్టర్ గారి దగ్గరికి కల్చర్ రిపోర్టు పట్టుకుని వెళ్లాను. లోపలికి రానివ్వలేదు. జిరాక్స్ మీద "ఇలాంటి గడ్డలొస్తే చేపల పని చేస్తారా అని అడగండి సార్" అని రాసి కాంపౌండర్ చేతికిచ్చి వచ్చేశాను.

ట్యాంక్ అమ్మలేదు. మోచేతి దాకా వచ్చే గ్లోవ్స్ వేసుకుని పెడుతున్నాను చెయ్యి, చిన్న గీత ఉన్నా ఆ రోజు నీళ్ల జోలికెళ్లను, తొట్టి నీళ్లు తియ్యడానికి నోటితో పైపు పీల్చడం ఎవరూ చెయ్యొద్దు. మీకెవరికైనా మందేసినా మానని గడ్డ చేతి మీద ఉంటే డాక్టర్ అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి తొట్టి సంగతి. టాంగ్ బాగుంది, ఖాళీ రోజులు అయ్యాక పెద్ద ట్యాంక్‌లో వదిలాను. నా వేలు ముడుస్తే పూర్తిగా ముడుచుకుంటుంది, బట్టలు పిండేటప్పుడే కణుపు దగ్గర పట్టేస్తోంది, వేణ్నీళ్లలో పెట్టి రోజూ వ్యాయామం చేస్తున్నా.