ఇన్‌బాక్స్ ఖాళీ, ఫైల్ మాత్రం 5 జీబీ: నా అనుభవం

వరంగల్ కొత్తవాడలో దరీల వ్యాపారం చేసే మా బావ ఫోన్ చేశాడు. "మెయిళ్లన్ని పోయినయ్ బామ్మర్దీ, జర వచ్చి చూడు." రాత్రి కరెంటు పోయి కంప్యూటర్ ఉన్నపళంగా ఆగిపోయిందట. పొద్దున మెయిళ్లు చూసుకునే థండర్‌బర్డ్ ప్రోగ్రామ్ తెరిస్తే ఇన్‌బాక్స్‌లో ఒక్క మెయిలూ లేదు. ఏళ్లనాటి ఆర్డర్లు, సైజులు, డిజైన్ ఫొటోలు అన్నీ అందులోనే. పైగా ఆయనది పాప్ ఖాతా. కంప్యూటర్‌లోకి దిగిన మెయిళ్లు కొన్నాళ్లకు సర్వర్ నుంచి తొలగిపోయేలా సెట్టింగ్ ఉంది. ఇంకెక్కడా కాపీ లేదు.

"బావా, కాంపాక్ట్ చేయమంటవా అని అడిగితే అస్సలు నొక్కకు, ముందు దాన్ని మూసెయ్" అని చెప్పి హనుమకొండ నుంచి బయల్దేరాను. కాంపాక్ట్ అంటే డిలీట్ కొట్టిన మెయిళ్లను ఫైల్‌లోంచి నిజంగా తుడిచేయడం.

థండర్‌బర్డ్ తన సమాచారమంతా దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్‌లో మెయిల్ అనే ఫోల్డర్, దాని లోపల సర్వర్ పేరుతో ఇంకోటి ఉంటాయి. ఇన్‌బాక్స్ అనే ఫైల్ అక్కడే ఉంది, దానికి ఎక్స్‌టెన్షన్ ఉండదు. సైజు 5 జీబీ దాటింది. పక్కనే అదే పేరుతో డాట్ ఎంఎస్ఎఫ్ ఫైల్, అది కొన్ని కేబీలే. నాకు ప్రాణం లేచొచ్చింది. మెయిళ్లు ఉండేది పెద్ద ఫైల్‌లో. చిన్నది కేవలం సూచిక, తెర మీద కనిపించే జాబితా దాన్నుంచే వస్తుంది. చెడిపోయింది సూచికే.

ఏదీ ముట్టుకోకముందే కాపీ తీయాలి. పెన్‌డ్రైవ్ తీసుకోనంది. అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంది, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ మించకూడదు. ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లోకి మార్చాక ఎక్కింది.

ఆ ఫైల్‌ను నా లినక్స్ ల్యాప్‌టాప్‌లో తెరిచి బావకు చూపించాను. ఎంబాక్స్ అనే ఈ పద్ధతిలో మెయిళ్లన్నీ ఒకదాని కింద ఒకటి మామూలు అక్షరాల్లో ఉంటాయి. 'ఫ్రమ్' అనే మాట, దాని వెంట ఖాళీతో మొదలయ్యే వరుస వస్తే కొత్త మెయిల్ మొదలైనట్టు. మరి ఉత్తరం మధ్యలోనే ఎవరైనా 'ఫ్రమ్ వరంగల్' అని వాక్యం మొదలుపెడితే? దాని ముందు బాణం మొనలాంటి గుర్తు పెట్టి రాస్తారు. అలాంటి వరుస ఒకటి నిజంగానే కనిపించింది. ఫొటోలైతే పేజీల కొద్దీ అర్థంకాని అక్షరాలు. ఫొటోల్లాంటివాటిని మామూలు అక్షరాల్లోకి మార్చే బేస్64 పద్ధతిలో ప్రతి 3 బైట్లూ 4 అక్షరాలవుతాయి, ఫైల్ ఇంత ఉబ్బడానికి అదీ ఒక కారణం.

అప్పుడు బావ, "చెన్నై పార్టీ మెయిల్ ఒకటి మొన్ననే డిలీట్ చేసిన, అది కూడా దొరుకుతదా?" అన్నాడు. ట్రాష్ కూడా ఖాళీ చేశాడట. అయినా ఇన్‌బాక్స్ ఫైల్‌లో వెతికితే దొరికింది. డిలీట్ కొట్టినా, కాంపాక్ట్ చేసేదాకా ఆ అక్షరాలు అక్కడే ఉంటాయి. మారేది ఎక్స్-మొజిల్లా-స్టేటస్ అనే వరుసలోని అంకె మాత్రమే. దానికి 0009 అని ఉంది: 1 అంటే చదివింది, 8 అంటే తీసేసింది. కాపీలో ఆ 9ని 1 చేసి, దాన్ని అసలు ఫైల్ స్థానంలో పెట్టాను. పాతదాన్ని పేరు మార్చి పక్కన దాచాను.

తర్వాత డాట్ ఎంఎస్ఎఫ్ ఫైల్ తీసేసి, థండర్‌బర్డ్ తెరిచి ఇన్‌బాక్స్ మీద నొక్కాం. మొత్తం ఫైల్ చదివి సూచికను కొత్తగా కట్టుకోవడానికి కాసేపు పట్టింది, మెయిళ్లు వరసగా వచ్చేశాయి. బావ పెట్టుకున్న ట్యాగ్‌లు కూడా పోలేదు, అవీ మెయిల్‌తోపాటే ఫైల్‌లో రాసి ఉంటాయి. చెన్నై మెయిల్‌లోని సైజుల పట్టికను ఆయన అప్పటికప్పుడు ప్రింట్ తీసుకున్నాడు.

మెయిల్‌డిర్ అని ఇంకో పద్ధతి ఉంది, క్యూమెయిల్ అనే తన మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ కోసం డేనియల్ బెర్న్‌స్టీన్ తెచ్చింది. అందులో ఒక్కో మెయిల్‌కు ఒక్కో ఫైల్, కాబట్టి ఒకటి చెడినా మిగతావాటికి ఢోకా లేదు. అయినా బావ దగ్గర ఎంబాక్స్‌నే ఉంచాను. పాత మెయిళ్లను సంవత్సరాల వారీగా ఫోల్డర్లలోకి మార్చాం, ఏ ఫైలూ మరీ పెద్దది కాకుండా. ఇప్పుడు శనివారం కొట్టు మూసేముందు థండర్‌బర్డ్ మూసి, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయడం మా మేనకోడలి పని.