పడవలోకి ఏం ఎక్కించమన్నాడు?

ఉగాదికి ఇంకో వారం ఉందనగా ఒక సాయంత్రం దీపం పెట్టాను. రెండు వత్తులు. పది నిమిషాలు కాలేదు, కుడివైపు వత్తి కొండెక్కింది. నూనె అయిపోయిందేమో అని చూస్తే ప్రమిదలో నూనె ఉంది, కానీ అంతా ఎడమవైపుకు చేరిపోయింది, కుడి వత్తి మొదలు పొడిగా ఉంది. ఇంకాస్త పోసి మళ్ళీ వెలిగించాను, మళ్ళీ అంతే. మా ఆయన వచ్చి కాసేపు చూసి, "తేడా దీపంలో లేదు, పడవే ఒరిగింది" అన్నారు.

మేం ఉండేది పడవలో. ఇంగ్లండ్‌లో గ్రాండ్ యూనియన్ కెనాల్ అని, లండన్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా 137 మైళ్ళు, 166 లాకులు ఉన్న పాత కాలువ. లాకులంటే నీటి మట్టం పెంచీ తగ్గించీ పడవను ఎక్కించే, దించే తలుపుల గదులు, మా ధవళేశ్వరం వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇక్కడి ఇనుప పడవల వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, మాది పొడవు 50 అడుగులు. లోపల నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒకచోట స్థిరంగా కట్టుకునే చోటు కొనుక్కోలేదు కాబట్టి 14 రోజులకోసారి ముందుకు కదలాలి, ఇక్కడి 1995 చట్టం అది. నాలుగేళ్ళుగా ఇదే ఇల్లు.

ఇంత చిన్న పడవలో చెత్త ఎలా పేరుకుంటుందని అడుగుతారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. మంచం కింద, మెట్ల కింద, బెంచీల కింద అంతా అరలే, మూత వేస్తే ఏమీ కనపడదు. అందుకే నింపాం. రెండు కుక్కర్లు ఉండగా మూడోది, పెళ్ళిలో వచ్చిన స్టీలు సామాను, "ఎప్పుడైనా పనికొస్తుంది" అని ఉంచిన వైర్లు, డబ్బాలు, పుస్తకాలు. అన్నీ తెలియకుండానే ఎడమవైపు అరల్లోకే చేరాయి, ఎందుకంటే కుడివైపు నడిచే దారి. పడవ మాత్రం ప్రతి కిలోనీ లెక్కపెట్టుకుంది.

ఉగాది అయిన రెండో రోజు చైత్ర శుద్ధ తదియ, మత్స్య జయంతి. ఆ రోజు అమ్మ భాగవతంలో మత్స్యావతార ఘట్టం చదువుతుంది, నేను ఇక్కడ ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని వింటాను. అష్టమ స్కంధం అనగానే మనకు గజేంద్ర మోక్షం, వామనుడు గుర్తొస్తారు, స్కంధం చివర ఉన్న ఈ కథ దాకా చాలామంది రారు. ఈసారి సర్దుడు మొదలుపెట్టే ముందే నేను తీసి చదువుకున్నాను. పడవ కథ కదా, నాకు చెప్పేది ఏదో ఉంటుందనిపించింది.

త్వం తావదోషధీః సర్వా బీజాన్యుచ్చావచాని చ
సప్తర్షిభిః పరివృతః సర్వసత్త్వోపబృంహితః
ఆరుహ్య బృహతీం నావం విచరిష్యస్యవిక్లవః
ఏకార్ణవే నిరాలోకే ఋషీణామేవ వర్చసా

చేప రూపంలో ఉన్న స్వామి సత్యవ్రతుడితో అంటున్న మాట ఇది. ఓషధులన్నీ, చిన్నా పెద్దా విత్తనాలన్నీ తీసుకో, సప్తర్షులతో, సమస్త ప్రాణులతో కలిసి ఆ పెద్ద నావ ఎక్కు, వెలుగే లేని ఆ ఒకే ఒక్క సముద్రంలో ఋషుల తేజస్సుతోనే, ఏ దిగులూ లేకుండా తిరుగుతావు అని. సత్యవ్రతుడు ద్రవిడ దేశానికి రాజు. నావ చిన్నదేం కాదు, "బృహతీం నావం" అని స్వామే చెప్తున్నాడు. అంత పెద్ద నావ వస్తుంటే ఆ రాజుకు బొక్కసం గురించి ఒక్క మాట లేదు, ఆయుధాల మాట లేదు, సింహాసనం మాట లేదు. విత్తనాలు తెచ్చుకో అన్నాడు. పండు కాదు, ధాన్యపు కొట్టు కాదు. మళ్ళీ మొలిచేది ఏదో అది.

దీని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నా అరల్లో ఉన్నవాటిలో మళ్ళీ మొలిచేవి ఎన్ని?

ఇంకో సంగతి. ప్రళయం ఈరోజుకు ఏడో రోజు వస్తుందని స్వామి ముందే చెప్పాడు. వారం రోజులు గడువు దొరికిన మనిషి ఏం చేస్తాడు? నేనైతే టెన్షన్‌తో మూటలు కట్టేదాన్ని. సత్యవ్రతుడు దర్భలు తూర్పు కొసలుగా పరుచుకుని, ఈశాన్యానికి తిరిగి కూర్చుని, ఆ మత్స్యమూర్తి పాదాలు తలచుకుంటూ ఉండిపోయాడు. సర్దుకున్న వర్ణనే లేదు. నావ వచ్చింది, ఓషధులూ తీగలూ తీసుకుని ఋషులతో ఎక్కాడు, అంతే. "అవిక్లవః", దిగులు లేనివాడు, అన్న మాట ఆయనకు అందుకే సరిపోయింది.

అంతకుముందు ఆ చేప పెరిగిన తీరు కూడా చూడండి. కృతమాలా నదిలో తర్పణం వదులుతుంటే దోసిట్లోకి వచ్చిన చిన్న చేప. కమండలంలో వేస్తే ఒక్క రాత్రికి చాలలేదు. పెద్ద నీళ్ళ పాత్రలో వేస్తే ముహూర్త కాలంలో మూడు మూరలైంది. తర్వాత కొలను, తర్వాత పెద్ద మడుగులు, చివరికి సముద్రం. ఆయన విసుక్కోలేదు, చేప పెరిగినకొద్దీ చోటు మారుస్తూ పోయాడు. ఎందుకంటే పెరుగుతున్నది భగవంతుడు. మేం హైదరాబాద్‌లో ఒక్క గది నుంచి డబల్ బెడ్‌రూమ్‌కు, అక్కడి నుంచి ఇంకా పెద్దదానికి మారింది దేనికోసం అని ఆలోచిస్తే, నిజం చెప్పాలంటే, సామాను కోసం. అంత ఓపికగా చోటు ఇచ్చింది మేం ఎవరికి?

వంటగది సగం రోజులో తేలిపోయింది. ఒక కుక్కర్, రెండు గిన్నెలు, ఒక బాణలి, పోపుల పెట్టె ఉంచి మిగతావి ఇచ్చేశాం. ఆ పోపుల పెట్టె తుడుస్తుంటే చేతులు ఆగాయి. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ధనియాలు, వాము, మిరియాలు, మధ్య గిన్నెలో పసుపు. ఏడు గిన్నెలు. "బీజాని ఉచ్చావచాని", చిన్నవీ పెద్దవీ విత్తనాలు. ఇన్నేళ్ళూ దాన్ని వంట సామాను అనే అనుకున్నాను. పోయినేడు ఇందులోవే గుప్పెడు మెంతులు పడవ పైకప్పు మీద తొట్టిలో చల్లితే వారంలో ఆకు వచ్చింది.

బట్టల దగ్గర ఏడుపొచ్చింది. పెళ్ళి పట్టుచీర ఎవరి కంటా పడకుండా మంచం కింద అరలో, ఇనుప గోడకు ఆనించి పెట్టాను. చలికాలమంతా ఆ గోడ లోపలివైపు చెమ్మ కారుతుంది. విప్పి చూస్తే జరీ అంచు మడత దగ్గర నల్లగా బూజు పట్టి, వేలు పెడితే పోగులు విడిపోతున్నాయి. నాలుగేళ్ళలో ఒక్కసారి కట్టుకోలేదు. అమ్మకు చెప్తే, "కట్టుకుని చింపుకున్నా బాగుండేది కదమ్మా" అంది, అంతకు మించి ఏమీ అనలేదు.

అన్నిటికంటే కష్టమైంది పూజ సామాను, దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి చెప్తున్నాను. చిన్న అరలో పదకొండు పటాలు. రంగు వెలిసిన కేలండర్ వేంకటేశ్వరస్వామి, అంచు విరిగిన లక్ష్మీదేవి, ఎప్పటివో కుంకుమ పొట్లాలు, విభూతి, తెగిన తోరాలు. చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాదు. మన ఊళ్ళో అయితే గోదావరిలో కలిపేవాళ్ళం, ఇక్కడ కాలువ నీళ్ళు లాకుల మధ్య నిలిచి ఉండేవి, అందులో చేపలు, బాతులు, హంసలు. మత్స్యావతారం చదివి ఆ నీళ్ళలో గాజు, రంగు కాగితం వెయ్యడం నాకు చేతకాలేదు. గుడికి తీసుకెళ్ళి వదిలేద్దాం అని మా ఆయన అన్నారు, బర్మింగ్‌హామ్ దగ్గరి టివిడేల్ బాలాజీ గుడి మేం ఉన్నచోటికి దూరం కాదు. నేను వద్దన్నాను. రావిచెట్టు మొదట్లో మన వాళ్ళు వదిలేసిన పటాలు వానకు తడిసి, ఎండకు పెచ్చులూడి ఎలా ఉంటాయో చూస్తూ పెరిగాం కదా, మనం మొయ్యలేని దేవుణ్ణి అర్చకుల నెత్తిన పెట్టడం ఏం మర్యాద?

అందుకని ఒక ఉదయం తలస్నానం చేసి, అద్దాలూ చట్రాలూ విప్పి, కాగితం బొమ్మలకు పువ్వు పెట్టి, హారతిచ్చి, ఒక్కొక్కటీ పొయ్యిలో అగ్నికి అప్పగించాం. బూడిద మెంతుల తొట్టిలో కలిపాను. ఇది శాస్త్రమా అని అడిగితే నా దగ్గర ప్రమాణం లేదు, భయంతో మాత్రం చెయ్యలేదు. ఒక్క పటం ఉంచుకున్నాం, నాగలాపురం వేదనారాయణస్వామి. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరున్న ఊళ్ళో కట్టించిన గుడి, స్వామి మత్స్యరూపం. చిన్నప్పుడు మార్చిలో సూర్యపూజకు నాన్న తీసుకెళ్ళారు. సాయంత్రపు ఎండ గోపురం దాటి, మండపాలు దాటి లోపలికి వచ్చి ఒకరోజు పాదాల మీద, మర్నాడు నాభి మీద, మూడోరోజు శిరస్సు మీద పడుతుంది. గర్భగుడి అంత లోపల ఉన్నా కిరణం ఎలా చేరిందని అప్పుడు ఆశ్చర్యపోయాను. దారిలో ఏదీ అడ్డు పెట్టలేదు, అందుకే చేరింది. మా ఎడమ కిటికీకి అడ్డంగా ఉన్న పెట్టెలు తీసేసిన రోజు ఈ పటం మీద సాయంత్రం ఎండ పడితే నాన్న వేలు పట్టుకుని నిలబడ్డట్టే అనిపించింది.

పూర్తిగా ఖాళీ చేసినా పడవ నిలబడదని కూడా అప్పుడే చూశాను. నేల చెక్కలు ఎత్తితే అడుగున వరుసగా ఇటుకలు. పడవ నీళ్ళలో సరిగ్గా కూర్చోవడానికి కట్టినవాళ్ళు వేసిన బరువది. అమ్మ ఇచ్చిన భాగవతం సంపుటాలు బరువే, అవి ఇవ్వలేదు. పైఅరలోంచి తీసి కిందకి, పడవ మధ్యకు చేర్చాం.

తదియ రోజుకు మాకు పద్నాలుగో రోజైంది. పొద్దున్నే దీపం పెట్టి, ఫోన్‌లో అమ్మ చదువుతుంటే మా ఆయన గట్టు మీద గూటానికి కట్టిన మోకు విప్పుతున్నారు. నావను తన కొమ్ముకు మహాసర్పంతో కట్టమని స్వామి చెప్పిన చోటికి వచ్చింది అమ్మ. ఆ సర్పం వాసుకి అంటారు. ఇదే స్కంధంలో ముందు పాలసముద్రం చిలికేటప్పుడు కవ్వపు తాడైందీ ఆయనే. "బ్రహ్మ రాత్రి గడిచేదాకా నేనే లాగుతాను" అంటున్నాడు స్వామి. మా ఆయన బయటి నుంచి "పట్టుకో" అని మోకు కొస విసిరారు. అందుకున్నాను, చల్లగా, తడిగా ఉంది. లోపల రెండు వత్తులూ వెలుగుతున్నాయి.