హనుమకొండ నుంచి తిరుపతికి, పంకల విమానంలో

ప్రయాణానికి పద్దెనిమిది రోజుల ముందు ఫోనుకు సందేశం వచ్చింది. శంషాబాద్ నుంచి తిరుపతికి ఉదయం 10.05కు లేవాల్సిన విమానం 10.40కి జరిగింది. సీటు 14బి కాస్తా 11సి అయింది. విమానమే మారిందన్న ముక్క అందులో ఎక్కడా లేదు గానీ, బి పోయి సి వచ్చిందంటే సంగతి తెలిసిపోతుంది. ఏ320 లాంటి జెట్టులో నడవకు అటు మూడు, ఇటు మూడు సీట్లు. పంకలతో నడిచే ఏటీఆర్‌లో అటు రెండు, ఇటు రెండే. సాధారణంగా కిటికీ పక్కవి ఏ, ఎఫ్. నడవ పక్కవి సి, డి. మధ్య సీటు ఉండదు కాబట్టి బి, ఇ అనే అక్షరాలే ఉండవు.

180 పైచిలుకు సీట్ల బండి పోయి 78 సీట్ల బండి వస్తే, అప్పటికే టికెట్లు కొన్న మిగతా జనాన్ని ఎక్కడో ఒకచోట సర్దాలి. సర్దేది మనిషి కాదు, కంప్యూటరు. నలుగురి కుటుంబాన్ని ఇద్దరు పొద్దున, ఇద్దరు సాయంత్రం అని విడగొట్టినా దానికి పట్టదు. అందుకే సందేశం రాగానే పీఎన్‌ఆర్ తెరిచి అందరూ ఒకే విమానంలో ఉన్నారా, సీట్లు ఎక్కడెక్కడ పడ్డాయి అని చూసుకోవాలి. మన విమానాన్నే రద్దు చేసి వేరేదానికి మార్చారనుకోండి, డబ్బు వాపసు అడిగే హక్కు మనకుంది. రెండు వారాల ముందే చెప్పారు గనక పరిహారం మాత్రం రాదు. వేళకు వెళ్లి, ఖాయమైన టికెట్టు చేతిలో ఉండి కూడా సీటు లేదని ఆపేస్తే లెక్క వేరు. గంటలోపు లేచే మరో విమానం ఎక్కిస్తే ఏమీ ఇవ్వరు. 24 గంటల్లోపు లేచేదాంట్లో పంపితే మూల చార్జీ, ఇంధన చార్జీ కలిపిన దానికి రెండింతలు, 10,000 రూపాయలకు మించకుండా. అదీ దాటితే నాలుగింతలు, 20,000కు మించకుండా. ఇవి దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన నియమాలు. కౌంటరు దగ్గర ఎవరూ తమంతట తాము చెప్పరు, మనమే అడగాలి. చివరి నిమిషంలో విమానం మారితే దెబ్బ పడేది ఎక్కువగా అప్పటికింకా సీటు నంబరు లేనివాళ్ల మీదే. వెబ్ చెకిన్ తెరుచుకున్న రోజే చేసేసుకుంటే ఆ బెడద చాలావరకు తప్పుతుంది.

హనుమకొండలో ఐదున్నరకు బయలుదేరాం. జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా జాతీయ రహదారి 163. కోమళ్ల, గూడూరు దగ్గర టోల్‌గేట్లు. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్ దాకా సిగ్నలన్నది లేదు. కారులో మూడు గంటలు పట్టింది. బస్సయితే ఉప్పల్‌లో దిగి విమానాశ్రయం బస్సు పట్టుకోవాలి, ఇంకో గంట కలుపుకోండి. సామాను కౌంటర్లు గంట ముందే మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు. చిన్న విమానమే కదా అని ఆలస్యంగా పోతే దెబ్బతింటాం. చిన్న విమానాలు ఎక్కువగా దూరంగా ఆగుతాయి, బస్సులో తీసుకుపోతారు, అందుకని గేటు దగ్గర జనాన్ని ముందుగానే కదిలిస్తారు.

ఇంతకీ జెట్టును ఎందుకు తీసేశారు? ‘జనం లేరు’ అన్నది సగం జవాబే. ఏ320 గంటకు రెండు టన్నులకు పైనే ఇంధనం తాగుతుంది. ఏటీఆర్ 72-600కు ఏడు వందల కిలోలకు అటూఇటూ చాలు. సీటుకింతని పంచి చూస్తే తేడా మరీ ఎక్కువ కాదు. జెట్టుకు పదకొండు పన్నెండు కిలోలు, దీనికి తొమ్మిది. కానీ కంపెనీ చూసేది సీటును కాదు, ట్రిప్పును. ఒక పూటకు డెబ్బై మందే దొరికే దారిలో 180 సీట్ల జెట్టు వందకు పైగా ఖాళీ సీట్లను మోసుకుపోతుంది. ఏటీఆర్ అదే డెబ్బై మందితో నిండుగా పోతుంది. యాభై సీట్లకు ఒకరు చొప్పున క్యాబిన్ సిబ్బంది ఉండాలి. జెట్టుకు నలుగురు, దీనికి ఇద్దరు. ఇక మన దేశపు లెక్కొకటుంది: 80 లోపు సీట్లున్న దేశీయ సర్వీసు విమానాలకు ల్యాండింగ్ చార్జీ లేదు. 78 దగ్గర ఆగిన ఆ సీట్ల సంఖ్యను చూడండి. 40 టన్నుల లోపు విమానాల ఇంధనానికి అమ్మకపు పన్నులోనూ రాయితీ ఉంది. ఏటీఆర్ గరిష్ఠ బరువు 23 టన్నులే.

జెట్ల కొరత ఇంకో కారణం. 2023లో ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ జీటీఎఫ్ రకం ఇంజన్ల భాగాలు చేసిన లోహపు పొడిలో లోపం బయటపడి, వాటితో ఎగిరే ఏ320 నియో విమానాలు పదులకొద్దీ నేల మీదే ఉండిపోయాయి. ఎగరగలిగిన జెట్లను ఢిల్లీ, ముంబై లాంటి రద్దీ దారులకు పంపి, చిన్న దారులను ఏటీఆర్‌తో లాగించడం కంపెనీలకు లాభం. మనకు నష్టం టికెట్టు ధరలో కనబడుతుంది. తక్కువ ధరకు అమ్మే సీట్లు మొదట కొన్నే ఉంటాయి. మొత్తం సీట్లు సగానికి పైగా తగ్గితే అవి ఇంకా ముందే అయిపోతాయి. నెల ముందు కొనేవాళ్లు ఈ దారుల్లో ఇప్పుడు నెలన్నర ముందే చూసుకోవడం మంచిది.

బస్సు దిగగానే మొదటి తగాదా ట్రాలీ బ్యాగులతో. ఏటీఆర్‌లో తల మీది అరలు చిన్నవి. జెట్టులో హాయిగా పట్టే చక్రాల పెట్టె ఇందులో అడ్డంగానూ పట్టదు, నిలువుగానూ పట్టదు. మెట్ల దగ్గరే దానికి చీటీ కట్టి సామాన్ల గదిలో వేస్తారు. ఆ క్షణంలో హడావుడి పడకుండా మందులు, నగలు, తాళాలు, పవర్ బ్యాంకు ముందే చేతిసంచిలోకి తీసి పెట్టుకోవాలి. పవర్ బ్యాంకు కింద వెయ్యకూడదు, చేతిలోనే ఉండాలి. హద్దు 100 వాట్ అవర్లు. 20,000 ఎంఏహెచ్‌ది 74 వస్తుంది, భయం లేదు. ఏడు కిలోల మెత్తటి భుజం సంచి ఒక్కటే తెచ్చుకున్నవాళ్లు ఈ గొడవ చూస్తూ దాటిపోయారు.

ఎక్కేది వెనక తలుపు నుంచి. తలుపే కిందికి వాలి మెట్లవుతుంది. నిచ్చెన బండి అక్కర్లేదు. ముందు భాగంలో, పైలట్ల గదికీ సీట్లకూ మధ్య, సామాన్ల గది ఉంటుంది. జనమంతా వెనక నుంచి ఎక్కుతారు కాబట్టి తోక బరువెక్కి కూలబడకుండా కింద ఒక కర్ర ఊతం పెడతారు, బయలుదేరే ముందు తీసేస్తారు. సీటు మారాలనుకుంటే ఎయిర్‌హోస్టెస్‌ను అడిగే మారాలి. జనం పలచగా ఉన్న రోజున నలుగురు ముందు నుంచి వెనక్కి వచ్చి కూర్చున్నా బరువు లెక్క తప్పుతుంది.

మెట్ల ముందు వరుసలో నర్సంపేట వైపు నుంచి వచ్చిన పెద్దావిడ రెక్కల కేసి చూసి ఆగిపోయింది.

“గిదేంది బిడ్డా, పంకలున్నయ్! ఒకటి ఆగిపోతె ఎట్ల?”

“పంక ముందట కనవడుతది గని అవ్వా, దాని ఎన్క ఉన్నది జెట్ ఇంజనే. ఒకటి ఆగినా రెండో దానితోటి ఎగురుతది.”

“గట్లనా. మరి గంత సప్పుడేంది?”

అవ్వకు చెప్పింది నిజమే, ఇక్కడ ఇంకొంచెం వివరం. లోపల ఉండేది గ్యాస్ టర్బైన్. అది గేరుపెట్టె ద్వారా ఆరు రెక్కల పంకాను నిమిషానికి 1,200 సార్లు తిప్పుతుంది. మామూలుగా లేచేటప్పుడు ఒక్కో ఇంజనుకు 2,475 గుర్రాల బలం వాడతారు. లేస్తున్నప్పుడు ఒకటి చెడితే, పైలట్ చెయ్యి పెట్టకముందే రెండోది 2,750కి పెరుగుతుంది. చెడినదాని పంకా రెక్కలు గాలికి అడ్డుపడకుండా వాటంతటవే అంచుకు తిరిగిపోతాయి. చప్పుడు సంగతికొస్తే, నేల వదిలిన కాసేపటికి పైలట్లు పంకా వేగాన్ని 82 శాతానికి తగ్గిస్తారు. ఇంజను మూలుగు ఒక్కసారిగా దిగిపోయినట్టు వినబడుతుంది. కొత్తవాళ్లు ఉలిక్కిపడేది అక్కడే. ఏదీ ఆగలేదు, గేరు మార్చిన లారీ లాంటిదే అది.

సీటు ఎంచుకునేవాళ్లకు ఒక మాట. జెట్టు అలవాటుతో ముందు వరుసకు డబ్బు పెట్టి కొనకండి. ముందు వరుసల పక్కనే పంకాలు తిరుగుతాయి, అదరడం, మోత అక్కడే ఎక్కువ. పైగా తలుపు వెనక ఉంది, ముందు కూర్చున్నవాళ్లు దిగేసరికి వెనకవాళ్లు బస్సులో ఉంటారు. రెక్క దాటాక వెనక సగంలో కిటికీ సీటు మేలు. రెక్క పైన ఉంటుంది కాబట్టి కింది నేల మొత్తం కనబడుతుంది. బొత్తిగా చివరి వరుస వద్దు, మరుగుదొడ్డి పక్కనే.

10.52కు లేచి 11.54కు రేణిగుంటలో దిగాం. గాలిలో 62 నిమిషాలు. దూరం సుమారు 420 కిలోమీటర్లు. ఏటీఆర్ గంటకు 510 కిలోమీటర్లు పోతుంది, జెట్టు 800 పైన. కాగితం మీద చాలా తేడా. కానీ ఇంత చిన్న దూరంలో జెట్టు ఎక్కడానికే సగం, దిగడానికే సగం; పూర్తి వేగంలో ఉండేది కాసేపే. అసలు తేడా పదిహేను నిమిషాలు దాటదు. దూరం పెరిగితే కథ మారుతుంది. రెండు గంటలు దాటే దారిలో ఏటీఆర్ ఎక్కిస్తే విసుగు ఖాయం. ఎత్తులోనూ తేడా ఉంది: జెట్టు మబ్బుల పైకి పోతుంది, దీని హద్దు 25,000 అడుగులు, పొట్టి దారుల్లో అంతకూడా పోదు. జూన్ నుంచి మబ్బుల మధ్యే ప్రయాణం, కుదుపు ఎక్కువ. వాంతుల బెడద ఉన్నవాళ్లు పొద్దుటి విమానం చూసుకోవాలి. ఎండకు నేల కాగి గాలి లేచేది మధ్యాహ్నాలే.

దర్శనం సంగతి ఇక్కడ అక్కర్లేదు. లడ్డూల సంగతి మాత్రం కావాలి: ఒక్కోటి సుమారు 175 గ్రాములు, పది కొంటే కిలోముప్పావు. చేతిసంచి ఏడు కిలోల్లో ఆ చోటు వెళ్లేటప్పుడే వదిలి పెట్టుకోవాలి.

తిరుగు ప్రయాణం మరునాటి సాయంత్రం 4.20కి. ఎండ 41 డిగ్రీలు. ఈ విమానం అసలు బలహీనతలు అప్పుడు బయటపడ్డాయి. జెట్టు తోకలో చిన్న సహాయక ఇంజను ఉంటుంది, నేల మీద ఏసీ దానితో నడుస్తుంది. ఏటీఆర్‌లో అది లేదు. దానికి బదులు కుడి ఇంజను నడిపి, పంకాకు బ్రేకు వేసి పట్టుకుంటారు. హోటల్ మోడ్ అంటారు దాన్ని. ఆ రోజు ఆ ఇంజను ఆలస్యంగా పెట్టారు. పావుగంట సేపు లోపల పొయ్యి మీద కూర్చున్నట్టే ఉంది. పసిపిల్లలున్నవాళ్లు తడిగుడ్డ, నీళ్ల సీసా దగ్గర పెట్టుకోవాలి.

దిగాక రెండో దెబ్బ: ఆరు కుటుంబాల పెట్టెలు తిరుపతిలోనే ఉండిపోయాయి. సామాన్ల గదులు ముందూ వెనకా కలిపి పది ఘనమీటర్లకు కాస్త పైన. 78 మంది తలా 15 కిలోలు తెస్తే 1,170 కిలోలు. మనిషికి 75 కిలోలు వేసుకుంటే మనుషులే 5,850. కలిపితే ఏడు టన్నులు, ఈ విమానం మోయగలిగే హద్దు ఏడున్నరకు చేరువ. మబ్బు పట్టి అదనపు ఇంధనం నింపాల్సి వచ్చినా, మెట్ల దగ్గర తీసుకున్న ట్రాలీలతో గది నిండినా, చివర వచ్చిన పెట్టెలు నేల మీదే ఆగుతాయి. అట్లయితే బెల్టు దగ్గర ఊరికే నిలబడొద్దు. హాలు దాటి బయటికి రాకముందే సామాను రాలేదన్న ఫిర్యాదు కాగితం రాయించి నంబరు తీసుకోవాలి. బయటికొచ్చాక చెబితే నిరూపించడం కష్టం. ఇంటి చిరునామా హనుమకొండ అని రాయించినవాళ్లకు మూడో రోజు పెట్టె ఇంటికే వచ్చిందట.

తిరిగొచ్చేటప్పుడు కారులో మాటంతా వరంగల్ దగ్గరి మామునూరు మీదే. 1930లో నిజాం కాలంలో కట్టి, 1981 తర్వాత మూతపడిన విమానాశ్రయం. 2025లో కేంద్రం పచ్చజెండా ఊపింది. ఉన్న 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాలకు రాష్ట్రం 205 కోట్లు ఇచ్చింది. పెద్ద జెట్లు దిగేలా రన్‌వేను 2,800 మీటర్లకు పెంచాలన్నది ప్రణాళిక. ‘ఏటీఆర్ వస్తే ఏం లాభం, ఎయిర్‌బస్ రావాలె’ అని వరంగల్‌లో ఎవరిని కదిపినా అంటారు. రన్‌వే పొడవుగా కట్టడం మంచిదే. ఏటీఆర్‌కు 1,300 మీటర్లు చాలని తయారీదారు చెప్పేది సముద్రమట్టంలో, 15 డిగ్రీల చలిలో. మన మే నెలలో 44 డిగ్రీల పలచటి గాలికి ఆ లెక్క నిలవదు. రన్‌వే పొట్టిగా ఉంటే సీట్లు ఖాళీగా వదిలి లేవాల్సి వస్తుంది. కానీ రన్‌వే పెద్దదైనంత మాత్రాన వచ్చేది పెద్ద విమానమే అనుకోవడం పొరపాటు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద తొలి విమానాలు ఎగిరిన 2017 ఏప్రిల్ 27న కడప, నాందేడ్‌లను హైదరాబాద్‌తో కలిపినవీ ఏటీఆర్ 72లే. 27 మీటర్ల పొడవున్న ఈ విమానానికి విమానాశ్రయంలో అగ్నిమాపక ఏర్పాటు ఐదో తరగతిది చాలు. 37 మీటర్ల ఏ320కి ఆరోది కావాలి. వారానికి మూడు రోజులొచ్చే జెట్టు కన్నా, రోజూ పొద్దునా సాయంత్రం వచ్చే 78 సీట్ల బండే నాకైతే ముద్దు. పొద్దున పోయి పని చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు.

సాయంత్రం 5.45కు శంషాబాద్‌లో దిగినవాళ్లం. సామాను ఫిర్యాదులు రాయించేవాళ్లకు తోడుండి, టీ తాగి, ఔటర్ ఎక్కేసరికి ఏడు. కాజీపేట వంతెన దగ్గరికి వచ్చేసరికి పదీ ఐదు.