కుండనీళ్లు తాగాలంటేనే భయమేసింది

పర్లాకిమిడిలో మా ఇంట్లో ఎండాకాలమంతా కుండనీళ్లే. ఈసారి ఒక్క గుక్క తాగానో లేదో, కింది ఎడమవైపు పన్ను జివ్వుమని చెవిదాకా లాగేసింది. పొద్దున్నే దవడ బిగుసుకుపోయి ఇడ్లీ ముక్కకి కూడా నోరు సరిగ్గా తెరుచుకునేది కాదు. పక్కింటి ఒడియా మావుసి ప్రేమగా గుడాఖు తెచ్చి రుద్దుకోమంది. అందులో ఉండేది పొగాకు, దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

డెంటిస్ట్ అద్దంలో చూపించారు: చిగురు జారిపోయి వేరు దగ్గర పసుపు గీత. అక్కడ ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర) ఉండదు, లోపలి పొర డెంటిన్‌లోని సన్నని గొట్టాల గుండా చలి నేరుగా నరానికి తెలుస్తుందట. దవడ నొప్పి మాత్రం నిద్రలో పళ్లు కొరకడం వల్ల, మా ఆయన ఎన్నాళ్లనుంచో చెబుతూనే ఉన్నారు, నేనే నమ్మలేదు. దానికి నైట్ గార్డ్, అంటే రాత్రిపూట పళ్లకి పెట్టుకునే తొడుగు చేసిచ్చారు.

మెత్తటి బ్రష్షు, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడమన్నారు. గుణం కనబడటానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది, నాలుగు రోజులకే మానేయకండి. నిమ్మరసమో చింతపులుసో తీసుకున్న వెంటనే బ్రష్ చేయకుండా అరగంటైనా ఆగాలి. ఒకే పన్ను ఆగకుండా సలుపుతున్నా, వాపొచ్చినా ఇంటి వైద్యాలతో రోజులు గడపొద్దు. నాకిప్పుడు మూడో వారం, నిన్న అరగ్లాసు కుండనీళ్లు తాగాను.