ఎంసీబీని పెద్దది చేస్తే వైరు లావెక్కదు

అనంతపురంలో మా మిద్దె మీద 540 వాట్ల సోలార్ ప్యానెళ్లు ఏడు, వాటి డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే 3 కిలోవాట్ల ఇన్వర్టర్ ఒకటి ఉన్నాయి. ఇన్వర్టర్ నుంచి కిందికి వచ్చే ఏసీ లైనును అవసరమైనప్పుడు విడదీయడానికి 16 ఆంపియర్ల ఎంసీబీని (కరెంటు హద్దు మించితే తనంతట తానే పడిపోయి లైనును ఆపే స్విచ్) ఒక ఇనుప పెట్టెలో పెట్టి పిట్టగోడకు బిగించారు. ఏప్రిల్ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అది రోజూ పడిపోవడం మొదలుపెట్టింది. సాయంత్రం పైకెత్తితే మాత్రం బుద్ధిగా నిలిచేది. పిలిపించిన ఎలక్ట్రీషియన్ "ఎండకు చిన్నది తట్టుకోల్యా సార్, 32 ఏసేస్తే సరిపోతాది" అని, పాత 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరును అలాగే ఉంచి, ఎంసీబీని మాత్రం మార్చి వెళ్లాడు. ఎంసీబీ పడటం ఆగిపోయింది. నాకు అనుమానం మొదలైంది.

అతను చెప్పిన కారణంలో సగం నిజమే. ఇళ్లలో వాడే ఎంసీబీలను 30 డిగ్రీల వేడిని ప్రమాణంగా పెట్టుకొని తయారుచేస్తారు కాబట్టి, ఎండలో కాగే ఇనుప పెట్టెలో 16 అని రాసి ఉన్నది అంతకంటే తక్కువ కరెంటుకే పడిపోతుంది. 3,000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 13 ఆంపియర్లు వస్తాయి. లైనులో వోల్టేజీ 215కు దిగితే అదే శక్తిని పంపడానికి ఇన్వర్టర్ 14 దాకా పోతుంది. గంటల తరబడి ఆగకుండా పారే కరెంటు కాబట్టి దాన్ని 1.25తో హెచ్చించి చూడాలి. అప్పుడు 17.5 వస్తుంది గనుక, ఇక్కడ పెట్టవలసింది 16 కాదు, 32 అంతకంటే కాదు, 20.

అయితే ఎంసీబీని ఎండ పీడించినట్టే వైరును కూడా పీడిస్తుంది. పీవీసీ తొడుగున్న 2.5 వైర్లు రెండింటిని పైపులో వేసి గోడకు బిగిస్తే 24 ఆంపియర్లు మోస్తాయని పట్టికలు చెబుతాయి, కానీ ఆ అంకె కూడా 30 డిగ్రీలకు రాసినదే. మన వేసవిలో ఆ 30 డిగ్రీలు తెల్లవారుజామున కనబడితే కనబడవచ్చు. 45 డిగ్రీల దగ్గర 0.79తో హెచ్చించాలి, అప్పుడు మిగిలేది 19. మిద్దె మీద పైపులో వేడి 50కి చేరితే 17. వైరు మోయగలిగిన దానికంటే ఎంసీబీ అంకె ఎప్పుడూ ఎక్కువ ఉండకూడదు కాబట్టి, 20 ఆంపియర్ల ఎంసీబీ కింద 2.5 వైరు మన ఊళ్లో పనికిరాదు. 4 చదరపు మిల్లీమీటర్ల వైరైతే 32తో మొదలై, 45 డిగ్రీలకు 25, 50 డిగ్రీలకు దాదాపు 23 దగ్గర ఆగుతుంది, అది సరిపోతుంది.

ఎలక్ట్రీషియన్‌కు న్యాయం చేయాలంటే ఒక మాట ఒప్పుకోవాలి: ఇన్వర్టర్ తన హద్దు దాటి కరెంటు పంపదు కనుక, ఆ 2.5 వైరు మరునాడే కాలిపోయేది కాదు. నన్ను భయపెట్టింది వేరే. రేపు నేనో, నా తరువాతివారో 5 కిలోవాట్ల ఇన్వర్టర్ పెట్టాలనుకుంటే, పెట్టెలో 32 అంకె చూసి, లోపలి వైరు కూడా దానికి తగినదే అనుకొని దాదాపు 22 ఆంపియర్లను దాని మీదికి వదులుతారు. ఎంసీబీ మాట్లాడదు, వైరు మాడుతుంది.

ప్యానెళ్ల వైపు ఉండే డీసీ ఐసోలేటర్ కథ ఇందుకు భిన్నం. అది విడదీసే మీట మాత్రమే, వైరును కాపాడే పని దానిది కాదు. మా ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంటు, అంటే దాని రెండు కొసలను నేరుగా కలిపితే పారే కరెంటు, సుమారు 13.9 ఆంపియర్లు, ఏడూ ఒకే వరుసలో ఉన్నాయి కాబట్టి లైనులో అంతకు మించి పెద్దగా పారేదేమీ లేదు. ఎండ తీవ్రతకు ఒకసారి, ఎడతెగని భారానికి ఒకసారి 1.25తో హెచ్చించినా 22 దాటదు. 4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ కేబుల్ దీన్ని సులువుగా మోస్తుంది. ఇక్కడ చూసుకోవలసింది దూరం: రానూ పోనూ 50 మీటర్లకు, వైరు బాగా వేడెక్కినప్పుడు, సుమారు 4 వోల్టులు పోతాయి, ప్యానెళ్లు పనిచేస్తున్నప్పుడు ఉండే 290 వోల్టులలో అది 1.4 శాతం కాబట్టి నేను 6 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌కు పోలేదు. మీటను ఎంచుకునేటప్పుడు మాత్రం వోల్టేజీ ముఖ్యం. ఒక్కో ప్యానెల్ కరెంటు పారకుండా లైను విడదీసి ఉన్నప్పుడు 49.5 వోల్టులు ఇస్తుంది, ఏడింటికి 346. చలికాలపు ఉదయం అది 356 దాకా పెరుగుతుంది. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాను తాకుతుంది కనుక మీట విడిపోగానే మెరుపు ఆరిపోతుంది. డీసీలో ఆ విరామమే లేదు. అందుకే ఏసీ ఎంసీబీని తెచ్చి ప్యానెళ్ల లైనులో పెట్టడాన్ని ఎవరు ఎంత చౌకగా చేస్తామన్నా ఒప్పుకోకండి.

చివరికి మా ఇంట్లో ఏసీ లైనంతటికీ 4 వైరు లాగించి, 20 ఆంపియర్ల ఎంసీబీ పెట్టించి, పెట్టెను పిట్టగోడ మీద నుంచి మెట్లగది నీడలోకి మార్పించాను. సన్నని పోగుల వైరు కొసలకు ఫెర్రూళ్లు (పోగులను కలిపి పట్టి ఉంచే చిన్న లోహపు గొట్టాలు) తొడిగించి, నెల తరువాత, లైను ఆపి, స్క్రూలన్నీ మరోసారి బిగించాను. పెట్టె మూత లోపలి వైపు "వైరు 4, ఎంసీబీ 20, ఇంతకు మించి పెట్టరాదు" అని చెరగని సిరాతో రాసి ఉంచాను.