చెయ్యి నయమైందిగా, ఇక వంట నువ్వే!

నలభై ఎనిమిదో ఏట నాకు కుడి భుజం పట్టేసింది. మొదట్లో రాత్రిళ్ళే నొప్పి, అటు ఒత్తిగిలితే ప్రాణం పోయేది. తర్వాత చెయ్యి వెనక్కి పోవడమే మానేసింది. జాకెట్టు చేతులు ఎక్కించుకోవడానికి పావుగంట పట్టేది. ఇక జడ సంగతి చెప్పనే అక్కర్లేదు.

సూర్యారావుపేటలో ఎముకల డాక్టరుకి చూపిస్తే ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటికి తిప్పబోతే కదల్లేదు. "ఫ్రోజెన్ షోల్డర్ అమ్మా. షుగర్ ఉందా?" అన్నారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయిస్తే 7.8 వచ్చింది. 6.5, ఆ పైన ఉంటే షుగర్ ఉన్నట్టే. మా ఆయనకీ అత్తయ్యకీ ఏటేటా టెస్టులు చేయించేది నేనే. నన్ను చేయించుకోమన్న వాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

కీలు చుట్టూ ఉండే పొర మందమై బిగుసుకుపోతుందట. 40, 60 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో ఎక్కువ, షుగరో థైరాయిడో ఉంటే మరీనూ. ముందు నొప్పి, తర్వాత బిగింపు, ఆ తర్వాత మెల్లగా వదలడం. అంతా కలిపి ఏడాది నుంచి మూడేళ్ళు పట్టొచ్చన్నారు. కీల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, కొన్నాళ్ళు షుగర్ పెరుగుతుంది, చూసుకోమన్నారు. మిగతాదంతా ఫిజియోథెరపీయే. గోడ మీద వేళ్ళు పాకించాలి, వంగి చెయ్యి వేలాడేసి ఊపాలి, వీపు వెనక టవల్ పట్టుకుని లాగాలి. ఆ టవల్ దగ్గర మాత్రం కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి.

ముందు జడ సంగతి తేల్చాను. పార్లర్‌కెళ్ళి మెడ దాకా కత్తిరించేసుకున్నాను. అత్తయ్య గుమ్మంలోనే ఆపి, "పూలెక్కడ పెట్టుకుంటావే?" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు గానీ, తలస్నానం ఎంత తేలికైపోయిందో!

మా ఆయన వంటింట్లోకి వచ్చింది ప్రేమతో కాదు, ఆకలితో. కర్రీ పాయింట్ కూరలు అత్తయ్యకి పడలేదు మరి. ఇక ఆ ఎండాకాలం ఆవకాయ చూసి తీరాల్సిందే. పెద్ద బేసిన్‌లో మామిడి ముక్కలు, ఆవపిండి, గుంటూరు కారం, ఉప్పు. ఆయన చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. చెమట తుడుచుకోబోతే కంట్లో కారం పడింది. అత్తయ్య కుర్చీలోంచి "నూనె చాల్లేదురా" అంటూ డైరెక్షన్. సాయంత్రం నడుం పట్టుకుని, "ఏటా ఇదంతా నువ్వొక్కదానివే చేస్తున్నావా?" అన్నారు.

"లేదండీ, దయ్యాలొచ్చి కలిపి పోతున్నాయి" అన్నాను.

చెయ్యి కాస్త వదిలాక ఫిజియో అమ్మాయి, "ఎప్పుడైనా ఏదైనా ఆడేవారా ఆంటీ?" అని అడిగింది. బాల్ బ్యాడ్మింటన్! కాలేజీ టీమ్‌లో ఉండేదాన్ని. పెళ్ళితో బ్యాటు పుట్టింటి అటకెక్కింది, మళ్ళీ ఎవరూ దాని ఊసెత్తలేదు, నాతో సహా. ఆ ఆటలో సర్వీసు నడుం కిందినుంచే కొట్టాలి. అంటే నా భుజానికి అడ్డం లేదు! మా పేటలో పొద్దుగూకేవేళ ఆడే రిటైర్డ్ మాస్టార్లు జట్టుకి అయిదుగురు లేక అవస్థ పడుతున్నారు. ట్రాక్ ప్యాంటు వేసుకుని వెళ్ళాను. పసుపు ఉన్ని బంతి బ్యాటుకి తగిలిన ఆ మెత్తటి చప్పుడు విన్నాక ఇంటికి రాబుద్ధి కాలేదు.

అసలు తంటా నయమయ్యాక మొదలైంది. "బాగా వదిలిందమ్మా" అని డాక్టరు అన్న రాత్రే మా ఆయన, "చెయ్యి నయమైందిగా, ఇక వంట నువ్వే" అన్నారు. నొప్పి ఉన్నన్నాళ్ళూ నాది సెలవని అనుకున్నారు కాబోలు. రాత్రి వంట మీదేనండీ, నేను ఆడొచ్చేసరికి ఏడున్నరవుతుంది అన్నాను. రెండ్రోజులు మాటల్లేవు. ఆడపడుచు ఫోన్ చేసింది. "అన్నయ్య చేత గరిటె తిప్పిస్తున్నావట, ఈ వయసులో ప్యాంటేసుకుని ఆటలేంటి వదినా?" "మీ అన్నయ్య పప్పు నాకంటే బాగా చేస్తున్నారు, ఆదివారం భోజనానికి రా" అన్నాను. వచ్చింది, రెండోసారి వడ్డించుకుంది, ఏమీ అనలేదు.

షుగర్ ఇప్పుడు అదుపులో ఉంది. పైనుంచి కొట్టే షాట్ ఇంకా రాలేదు, చెయ్యి చెవి దాటి పైకి పోవడం లేదు. రాత్రి వంట ఆయనదే. పొద్దుటి టిఫిన్ మీద ఇంకా బేరాలు నడుస్తున్నాయి.